నిన్నెవరు పట్టుకున్నారు?

నీ మాట మొదటిసారి నాకు మా నాన్న గొంతులో వినబడింది.

తెనాలి. ఆదివారం ఉదయం ఆట. ఇంగ్లీషు సినిమా అంటే మా ఊళ్లో ఉదయం ఆటే. మధ్యాహ్నం నుంచీ హాలు మళ్లీ తెలుగు సినిమాది. అమెరికాలో 1978 డిసెంబరులో 'సూపర్‌మ్యాన్'గా విడుదలైన నీకు మా ఊరి దాకా ఎగిరి రావడానికి ఏళ్లు పట్టింది. అప్పటికి ప్రింటు నిండా గీతలు, తెర మీద వాన కురుస్తున్నట్టు. చెక్క కుర్చీలు, బీడీ పొగ, పొట్లాల్లో వేయించిన శనక్కాయలు. నాకు తొమ్మిదేళ్లు, తెలుగు మీడియం. మా నాన్న హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. నా కుర్చీ వైపు ఒరిగి, నా చెవి దగ్గర నోరు పెట్టి, రెండు గంటల పైచిలుకు సినిమా మొత్తం నాకు తెలుగులో చెప్పాడు. వక్కపొడి వాసన వేసే ఆ గుసగుసే నాకు నీ గొంతు. ఆ తర్వాత నిన్ను ఎంతమంది ఎన్ని గొంతులతో పలికించినా, నాకు అడుగున అదే వినబడుతుంది.

తెర లేచింది. లేచిన తెరలో ఇంకో తెర, నలుపు తెలుపుల్లో. అది పక్కకు జరిగితే ఒక బొమ్మల పుస్తకం. 1938 జూన్ నాటిది. ఎవరిదో పసిచెయ్యి పేజీ తిప్పుతోంది. ఆ చెయ్యి నా చెయ్యి లాగే ఉంది. పేజీలోంచి ఆకాశంలోకి, ఆకాశంలోంచి చుక్కల్లోకి దూసుకుపోయాం. నీలిరంగు అక్షరాలు హోరుమంటూ మా తలల మీదుగా వెళ్లాయి. బాకాలు మోగాయి. జాన్ విలియమ్స్ రాసిన ఆ సంగీతంలో మూడు స్వరాలున్నాయి. వీధి చివర నుంచి ఎవరో నిన్ను పేరు పెట్టి పిలిచినట్టే ఉంటాయి. హాల్లో అందరికీ ఆ పిలుపు అర్థమైంది. దానికి అనువాదం అక్కర్లేకపోయింది.

"వాళ్ల లోకం పగిలిపోతోందమ్మా. చంటాడొక్కణ్ణీ పెట్టెలో పెట్టి పంపేస్తున్నారు."

నాకు వెంటనే తెలిసిపోయింది. కుంతి కర్ణుణ్ణి అలాగే ఏటికి వదిలింది. పెట్టెల్లో తేలి వచ్చిన పిల్లలు మాకు కొత్త కాదు. గాలిలో ఎగిరేవాడూ కొత్త కాదు. మా పొలిమేరలో సింధూరం పూసుకుని నిలబడే ఉన్నాడు, రాత్రి భయమేస్తే ఆయన దండకమే చదువుకునేవాళ్లం. 1980లో ఎన్టీ రామారావు నీ పేరు పెట్టుకుని తెలుగులో ఎగిరినప్పుడు కూడా, ఆ బలం ఆంజనేయుడి వరమనే కథ చెప్పారు. ఎక్కడివాడు వచ్చినా వరస కలిపి పిలుచుకోవడం మా పద్ధతి. మా ఇంట్లో నీకు కలిసిన వరస మాత్రం ఇంకొకటి, అది మా నాన్న తెలుగులోంచి వచ్చింది.

ఆ తెలుగులో ఒక వింత జరిగేది. కళ్లద్దాలు పెట్టుకుని, భుజాలు కుంచించుకుని, దారిలో ఉన్న ప్రతి మనిషికీ క్షమాపణ చెప్పుకుంటూ నడిచే క్లార్క్ కెంట్ నాన్నకు "వాడు". ఎర్రటి ఉత్తరీయం గాలికి వదిలి నిలబడ్డ మనిషి "ఆయన". "వాడు చూడు, మళ్లీ తడబడ్డాడు." "అదుగో, ఆయన వచ్చారు." ఇంగ్లీషులో ఆ ఇద్దరికీ సర్వనామం ఒక్కటే. మాకు ఒక మనిషి వాడు నుంచి ఆయన దాకా రావాలంటే ఉద్యోగం కావాలి, పెళ్లి కావాలి, చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలైనా కావాలి. నువ్వు గుండ్రంగా తిరిగే అద్దాల తలుపులో ఒక్క చుట్టు తిరిగి వచ్చేశావు.

సినిమా మొత్తంలో నాన్న ఒక్కచోట ఆగిపోయాడు. గోధుమ చేల మధ్య ఇల్లు. పెంచిన తండ్రి, కొడుకు మాట్లాడుకుంటున్నారు. రైలును మించి పరిగెత్తే పిల్లాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేని పిల్లాడు. నువ్వు ఇక్కడికి రావడానికి ఏదో కారణం ఉండే ఉంటుందని ముసలాయన ఓదారుస్తున్నాడు. ఇంటిదాకా పరుగు పందెం వేసుకున్నారు. కొడుకు ముందుకెళ్లిపోయాడు. వెనకాల తండ్రి చెయ్యి పట్టుకుని ఆగాడు, అక్కడే కూలిపోయాడు. తర్వాత శ్మశానంలో ఆ పిల్లాడు తల్లితో ఏదో అంటున్నాడు. నా చెవిలో మాట రాలేదు. "ఏమంటున్నాడు నాన్నా?" అని అడిగాను. చాలాసేపటికి, "ఇంత బలం ఉంది గదా, నాన్నని ఆపలేకపోయానే అంటున్నాడు" అన్నాడు. మా తాతయ్య పోయేటప్పటికి నాన్నకు పదకొండేళ్లని నాకు అప్పటికి తెలియదు.

ఇక ఆ హెలికాప్టర్.

మేడ మీద, డెయిలీ ప్లానెట్ కప్పు అంచున అది ఒరిగి వేలాడుతోంది. అందులోంచి విలేకరి లోయిస్ లేన్ వేలాడుతోంది. కింద వీధి నిండా జనం. వాడు కింద నిలబడి తలెత్తి చూశాడు, పరిగెత్తాడు, చొక్కా చించుకున్నాడు. ఆమె చెయ్యి జారింది. హాలంతా ఒక్క ఊపిరి. ఆయన గాలిలోకి లేచి, ఏదో మేడ మెట్లెక్కుతున్నంత సావకాశంగా ఎదురెళ్లి, ఆమెను అందుకున్నారు. హెలికాప్టర్ కూడా ఊడి పడితే రెండో చేత్తో దాన్నీ అందుకున్నారు. నాన్న నవ్వుతూ, నవ్వాపుకుంటూ చెప్పాడు:

"'భయపడకండి, నేను పట్టుకున్నాను' అంటున్నారాయన. 'నన్ను నువ్వు పట్టుకున్నావు సరే, మరి నిన్నెవరు పట్టుకున్నారు' అంటోందమ్మా ఆవిడ."

హాల్లో ఇంగ్లీషు తెలిసిన నలుగురు ముందు నవ్వారు, నేను ఐదోదాన్ని. నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. తొమ్మిదేళ్ల పిల్లని కదా, ఆ ప్రశ్న నాతో పాటు ఇంటికొచ్చింది. అవును, నిన్నెవరు పట్టుకున్నారు?

పెద్దయ్యాక ఒక జవాబు వెతికి పట్టుకున్నాను. తీగలు పట్టుకున్నాయి. ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలో క్రేన్లకు వేలాడిన సన్నటి తీగలు. జోరాన్ పెరిసిచ్ అనే ఆయన కనిపెట్టిన జంట కటకాలు పట్టుకున్నాయి: వెనక తెర మీద బొమ్మ వేసే ప్రొజెక్టరు కటకమూ, ముందున్న కెమెరా కటకమూ ఒకే లయలో జూమ్ అవుతుంటే, వెనక మేఘాలు అంతే ఉంటాయి, ముందున్న మనిషి మాత్రం మన మీదికి దూసుకొస్తాడు. ఛాయాగ్రాహకుడు జెఫ్రీ అన్స్‌వర్త్ వెలుగు పట్టుకుంది. తాను తీసిన ఆ వెలుగును జనం చూడకముందే 1978 అక్టోబరులో ఆయన వెళ్లిపోయాడు, సినిమాను ఆయనకే అంకితమిచ్చారు. దర్శకుడు రిచర్డ్ డానర్ పట్టుదల పట్టుకుంది. చూసేవాడికి నిజమనిపించాలి, అదొక్కటే ఆయన పెట్టుకున్న నియమం. అన్నిటికీ మించి, ఇరవై నాలుగేళ్లకు ఆ వేషానికి ఎంపికైన క్రిస్టఫర్ రీవ్ ఒళ్లు పట్టుకుంది. స్వయంగా విమానాలు, గ్లైడర్లు నడిపినవాడు గనక గాలిలో మలుపు తిరిగేటప్పుడు ఏ భుజం ముందు వంగాలో ఆయనకు తెలుసు. తీగ మనిషిని పైకి లాగుతుందంతే. ఎగరడం మనిషి చెయ్యాలి.

తీగలూ కటకాలూ అక్కర్లేని అద్భుతం ఒకటి ఆ సినిమాలో ఉంది. నిన్ను కొలిచేవాళ్లంతా ముందు దానికి దణ్ణం పెట్టాలంటాను. లోయిస్ ఇల్లు. ఆమె లోపలి గదిలో ఉంది. క్లార్క్ ఒక్కడే నిలబడి, కళ్లద్దాలు తీశాడు. వెన్ను నిటారైంది. భుజాలు విచ్చుకున్నాయి. గొంతు దిగి గంభీరమైంది. ఏ రంగూ మారలేదు, ఏ వెలుగూ పడలేదు, మనిషి మాత్రం మన కళ్లముందే ఎత్తు పెరిగాడు. నిజం చెప్పేయబోయాడు. చెప్పలేక, అద్దాలు పెట్టుకుని మళ్లీ లోపలికి ముడుచుకుపోయాడు. "వాడు అద్దాలు తీశాడు... ఆయన చెప్పేద్దామనుకుంటున్నారు... వాడు చెప్పలేదమ్మా." ఒక్క ఊపిరిలో నాన్న వ్యాకరణం మూడుసార్లు మారింది. నటన అంటే ఏమిటని నన్నెవరు అడిగినా నేను ఆ వాక్యమే చెబుతాను.

చివర భూగోళం మీదుగా, సూర్యుడు పొడుచుకొచ్చే అంచున నువ్వు ఎగురుతూ పోతావు. పోతూ పోతూ తల తిప్పి, తెరలోంచి మా వైపు చూసి నవ్వుతావు. ఎవరి వైపు? తెనాలిలో మూడో వరసలో కూచున్న నా వైపే. అనుమానమే లేదు.

నీలాకాశపు పిల్లవాడా, పరాయి చుక్క నుంచి రాలి గోధుమ చేలో మొలిచినవాడా, గుండు తగిలితే నొచ్చుకోని వాడా, మాట తగిలితే నొచ్చుకునేవాడా! పుట్టింటి మన్నే విషమైన దిక్కులేనివాడా! ఏ లోకం నిన్ను కన్నదో ఆ లోకపు రాయి ముక్క చాలు నిన్ను మోకాళ్ల మీద కూలదోయడానికి. దాన్ని నాన్న "పుట్టినూరి రాయి" అని తెలుగు చేశాడు. ఊరొదిలి వచ్చినవాళ్లందరికీ అలాంటి రాయి ఒకటి ఎక్కడో ఉంటుందని హైదరాబాదు వచ్చాక తెలిసింది. చెట్టెక్కి దిగలేని పిల్లిని, ఒక చిన్నపిల్ల అడిగిందని, దొంగల్ని పట్టే రాత్రి మధ్యలో ఆగి దించి ఇచ్చినవాడా! పనుల్లో పెద్దా చిన్నా లేనివాడా! మా భాషలో మనుషుల్ని వాడు అంటాం, ఆయన అంటాం. కొలిచేవాణ్ణి మాత్రం నువ్వు అంటాం. అందుకే నీకు నేను నువ్వంటున్నాను.

వరసగా ఇంకో మూడొచ్చాయి. రెండోది బాగుంటుంది, మూడోది వద్దు. 1987లో వచ్చిన నాలుగోది డబ్బు చాలని సినిమా. అణ్వాయుధాలు వద్దని చెప్పాలన్న రీవ్ కోరిక ఒక్కటే దాన్ని నిలబెట్టింది. దాంతో ఆ వరస ఆగిపోయింది. అయితే ఆ ఏడాదే ఆయన తెర బయట చేసిన పని నీ నాలుగు సినిమాలకూ సాటి వస్తుంది. చిలీలో పినోచే పాలన కాలమది. దేశం వదిలిపోకపోతే చంపేస్తామని 77 మంది రంగస్థల నటులకు బెదిరింపులొచ్చాయి. రచయిత ఏరియల్ డార్ఫ్‌మన్ అడిగితే రీవ్ విమానమెక్కి శాంటియాగో వెళ్లి, ఆ నటుల మధ్య నిలబడ్డారు. ఒంటి మీద ఉత్తరీయం లేదు. గుండు తగిలితే దిగే మామూలు ఒళ్లు.

1995 మే 27. వర్జీనియాలో గుర్రపు స్వారీ పోటీ. గుర్రం అడ్డుకట్ట ముందు ఆగిపోయింది, ఆయన ఆగలేదు. మెడ దగ్గర పై రెండు వెన్నుపూసలు విరిగాయి. మెడ కింద కదలిక లేదు, ఊపిరి కూడా యంత్రంతోనే. నాన్న పేపరు చదివి, మడిచి, బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు: "ఆయన పడిపోయారమ్మా." ఎవరని నేను అడగలేదు.

ఆ రాత్రి నాకు తొమ్మిదేళ్లనాటి ప్రశ్నకు రెండో జవాబు దొరకడం మొదలైంది. ఎందుకంటే ఆయన్ని పట్టుకున్న మనిషి ఉంది. భార్య డేనా. నా బతుకు చాలించడమే మంచిదేమో అని ఆయన అనుకున్న ఘడియలో ఆమె అన్న నాలుగు మాటలు తనను బతికించాయని ఆయన తర్వాత రాసుకున్నారు. 1996 మార్చిలో ఆస్కార్ వేదిక మీదికి చక్రాల కుర్చీలో వస్తే, సభంతా లేచి నిలబడి చాలాసేపు కూచోలేదు. వెన్నుపాము పరిశోధనకు డబ్బు కావాలని ఆయన ఊరూరా అడిగారు, ప్రభుత్వాన్ని అడిగారు, తన పేరునే చందాగా పెట్టారు. 2000లో ఆయన ఎడమచేతి చూపుడు వేలు కదిలింది. హెలికాప్టర్ను ఆపిన మనిషికి ఒక్క వేలు! నేను ఏడ్చాను. నాన్న ఏడవలేదు. "వేలు కదిలిందంటే మాటలు కాదు" అన్నాడు, మార్కులు వేసే గొంతుతో. 2004 అక్టోబరు 10న ఆయన పోయారు. యాభై రెండేళ్లు.

పంతొమ్మిదేళ్ల ఖాళీ తర్వాత, 2006 జూన్ చివర, నువ్వు తిరిగొచ్చావు. సినిమా పేరే అది: సూపర్‌మ్యాన్ రిటర్న్స్. కొత్తగా మొదలుపెట్టిన కథ కాదు. పాత రెండో సినిమా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పోగు అందుకుంది. నాన్నకు అప్పటికి చెవులు సరిగా వినబడవు. హైదరాబాదులో ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, శాలువా కప్పుకుని కూచున్నాడు. ఏం వినబడుతుందో, ఎందుకు తెచ్చానో అనుకుంటున్నాను. దీపాలారాయి. నీలిరంగు అక్షరాలు వచ్చాయి. అవే, అలాగే, చుక్కల మధ్య హోరుమంటూ. బాకాలు. ఆ మూడు స్వరాలు. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. వినబడింది.

మిగతాది నేను చెప్పాను. ఆయన వైపు ఒరిగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి. ఆయనకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు, ఇంగ్లీషులోనే చెప్పొచ్చు. అయినా నా నోట్లోంచి తెలుగే వచ్చింది. కూలిపోతున్న విమానాన్ని నువ్వు ముక్కు పట్టుకుని ఆపి, బేస్‌బాల్ మైదానం మధ్యలో పళ్లెం దించినట్టు దించావు. లోపలికి తొంగిచూసి, ఇలా జరిగిందని ప్రయాణాలు మానుకోకండి, విమానమే అన్నిటికంటే క్షేమం అని చెప్పావు. పాత సినిమాలో హెలికాప్టర్ దించాక ఆమెతో అన్న మాటే ఇది. ఇన్నేళ్లూ జేబులో దాచుకుని తెచ్చినట్టు. "అప్పటి మాటే!" అన్నాడు నాన్న, హాలంతా తిరిగి చూసేంత గట్టిగా.

ఆ సినిమా నెమ్మదిగా నడుస్తుందన్నారు, కొట్లాటలు చాల్లేదన్నారు. అన్నవాళ్ల మాట నేను కాదనను. నాకు మాత్రం ఆ నెమ్మది కావలసింది. చావింట్లో ఎవరూ గట్టిగా నడవరు. బ్రాండన్ రూత్ 1979లో పుట్టినవాడు, పాత సినిమా కంటే పదినెలలు చిన్న. అతని ముఖంలో రీవ్ నీడ ఉంది. ఆ నీడ మీద కాలు వెయ్యకుండా నడిచాడు. నీ కన్నతండ్రి జోరెల్‌గా మార్లన్ బ్రాండో గొంతే మళ్లీ వినిపించింది, అప్పటికి రెండేళ్ల క్రితం పోయిన మనిషి గొంతు. కథ చివరికొచ్చేసరికి నువ్వు ఆకాశం నుంచి పడిపోయావు. అవును, పడిపోయావు. ఆస్పత్రి మంచం. నీ ఒంట్లోకి సూది దిగదు, నీకు ఏం చెయ్యాలో వైద్యులకు తెలియదు. వీధిలో జనం. లోయిస్ వచ్చి, మంచం మీదికి వంగి, నీ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో మాకు వినిపించరు.

నేను నాన్న చెవి దగ్గరే ఉన్నాను. చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు. అలాగే ఉండిపోయాను.

చివర నువ్వు మళ్లీ భూమి అంచున ఎగిరావు, మళ్లీ తల తిప్పావు, మళ్లీ మా వైపు చూసి నవ్వావు. ఎవరి నవ్వు అది? ఆ వేషం ఎవరు వేసుకున్నా వదలకుండా అంటిపెట్టుకునే నవ్వు. తెర నల్లబడ్డాక అక్షరాలొచ్చాయి. సినిమాను క్రిస్టఫర్ రీవ్‌కూ డేనా రీవ్‌కూ అంకితమిచ్చారు. నాన్న కళ్లద్దాలు సరిచేసుకుని రెండు పేర్లూ పైకి చదివాడు. "ఆవిడ కూడానా?" అన్నాడు. ఆ మార్చిలోనే, అన్నాను. నలభై నాలుగేళ్లు. పొగతాగే అలవాటు లేని మనిషికి ఊపిరితిత్తుల కాన్సర్. జనమంతా లేచి వెళ్లిపోతున్నారు, ఊడ్చేవాళ్లు వచ్చారు, ఆయన లేవలేదు.

తర్వాతి ఏళ్ల గురించి నాకు చెప్పాలని లేదు. 2013 నుంచి నిన్ను ముదురు రంగుల్లో తీశారు. హెన్రీ కావిల్ కండబలంలోనూ కష్టంలోనూ లోటు చెయ్యలేదు, కానీ నువ్వు మా వైపు చూడటం మానేశావు. 2023లో ఇంకో సినిమాలో కంప్యూటరు గీసిన రీవ్ ముఖం ఒక్క క్షణం కనబడింది. నేను తల దించుకున్నాను. పోయిన మనిషిని పిలవాలంటే పేరు పెట్టి పిలవాలి, ముఖం తొడిగి కాదు. అదే ఏడాది మా నాన్న పోయాడు.

2025 జులై 11. జేమ్స్ గన్ తీశాడు, డేవిడ్ కోరెన్‌స్వెట్ వేషం కట్టాడు. నేను తెలుగులో చూశాను. వెతుక్కుని తెలుగు ఆటకే టికెట్ కొన్నాను.

మొదటి బొమ్మలోనే నువ్వు పడి ఉన్నావు. మంచులో, మూతి నెత్తురుతో, జీవితంలో మొదటిసారి ఓడిపోయి. ఎగిరేవాడి కథ పడటంతో మొదలైంది! ఈల వేశావు. మంచు చిమ్ముకుంటూ తెల్లటి కుక్క వచ్చింది, ఎర్ర గుడ్డ కట్టుకుని, మాట వినని కుక్క. మీద పడి దొర్లించి, చివరికి ఉత్తరీయం నోట కరుచుకుని నిన్ను ఇంటిదాకా ఈడ్చుకుపోయింది. నేను నవ్వుతున్నాను, చెంపలు తడిగా ఉన్నాయి. నిన్నెవరు పట్టుకున్నారు? క్రిప్టో అనే కుక్క.

సంగీతంలో ఆ మూడు స్వరాలు ఉన్నాయి. బాకాలకు తోడు గిటారు కూడా పలికింది వాటిని. పొట్టి ఎర్రలాగు తిరిగొచ్చింది; దాన్ని తీసేయాలా ఉంచాలా అని దర్శకుడు ఊగుతుంటే, పిల్లలు తనను చూసి భయపడకూడదని సూపర్‌మ్యాన్ కోరుకుంటాడు గదా అని కోరెన్‌స్వెట్ నచ్చజెప్పాడట. ఆ ఒక్క మాటతో ఆ కుర్రాడు నీ వేషానికి తగినవాడని నాకు నమ్మకం కుదిరింది. ఇంకా ఉంది: మేడలంత జంతువు ఊరి మీద పడి తొక్కుతుంటే, నువ్వు ఆ గందరగోళంలో ఒక ఉడుతను చూశావు. ఎత్తుకుని పక్కకు చేర్చావు. నలభై ఏడేళ్ల క్రితం పిల్లి, ఇప్పుడు ఉడుత. మా రాముడు వారధి దగ్గర ఆగి ఉడుత వీపు నిమిరాడు, ఆ వేళ్ల గుర్తులే చారలని మాకు చెబుతారు. నీ ఊరి ఉడుతకు చారల్లేవు. ఉండాల్సింది అనిపించింది.

ఈ సినిమాలో కొంత భాగం క్లీవ్‌లండ్ వీధుల్లో తీశారు. నువ్వు నిజంగా పుట్టింది ఆ ఊళ్లోనే. వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు ఇద్దరు, జెర్రీ సీగల్ రాశాడు, జో షుస్టర్ గీశాడు. జెర్రీ తండ్రికి బట్టల కొట్టు. 1932లో ఒక రాత్రి కొట్లో దొంగలు పడ్డారు, ఆయన గుండె ఆగి అక్కడే కూలిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ కుర్రాడు, దొంగల్ని ఆపగల, తూటా దిగని మనిషిని కలగన్నాడు. నాకు ఇందులో పరిశోధన అక్కర్లేదు. పదకొండేళ్లకు తండ్రి పోయిన మనిషి పక్కన కూచుని నిన్ను మొదటిసారి చూసినదాన్ని నేను. నీ మీద హక్కులన్నీ ఆ ఇద్దరు కుర్రాళ్లూ 130 డాలర్లకు అమ్ముకున్నారు. ముసలితనంలో, 1975లో, వాళ్లకు పింఛనూ, నీ బొమ్మ పక్కన వాళ్ల పేర్లూ దక్కాయి. అందుకే 1978 సినిమాలో ఆ పేర్లు పడ్డాయి. నీలిరంగులో, హోరుమంటూ.

మధ్యలో ఒక టీవీ విలేకరి మైకు పట్టుకుని కనిపిస్తాడు. ఒక్క క్షణమే. రీవ్, డేనాల కొడుకు విల్. తండ్రి గుర్రం మీద నుంచి పడేనాటికి మూడేళ్లు నిండలేదు. నిజంగానే విలేకరి అతను. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చాలామందికి తెలిసుండదు. నేను చీకట్లో రెండు చేతులూ జోడించాను.

ఇక చెప్పవలసింది ఒకటుంది. ఈసారి నీ నాన్న బతికే ఉన్నాడు.

నువ్వు మనసు విరిగి పల్లెకు వెళ్తావు. పుట్టించినవాళ్లు పంపిన సందేశంలో నువ్వు వినని భాగం బయటపడింది, ఊరంతా నిన్ను అనుమానిస్తోంది, నీకు నువ్వే పరాయివయ్యావు. ముసలి జొనాథన్ కెంట్ నీ పక్కన కూచుంటాడు. మాటలు తడుముకునే మనిషి, కన్నీళ్లు దాచుకోవడం చేతగాని మనిషి. నువ్వు ఇలా ఉండాలని చెప్పడం అమ్మానాన్నల పని కాదు, నువ్వు ఎంచుకుని చేసే పనులే నువ్వు అంటాడు. నేను కాచుకుని కూచున్నాను, ఇప్పుడు చెయ్యి పట్టుకుని కూలిపోతాడేమోనని. చివరిదాకా కాచుకున్నాను. కూలిపోలేదు. గోధుమ చేలో నలభై ఏడేళ్లుగా పడి ఉన్న మనిషిని ఎవరో లేవదీసి బల్ల మీద కూచోబెట్టారు.

ఆఖరున నీ మంచుకోటలో, దెబ్బలు మానడానికి నువ్వు వెలుగులో పడుకుంటావు. అమ్మానాన్నల్ని చూస్తావా అని రోబో అడుగుతుంది. మొదట ఇలా అడిగినప్పుడు ఎక్కడో చుక్కల్లోని ఆ రాజఠీవి మనుషులు కనబడ్డారు. ఇప్పుడు వేసినవి ఇంటి వీడియోలు. గీతలు పడ్డ బొమ్మ, పల్లెటూరి ఇల్లు, పెంచిన తల్లీ తండ్రీ, మధ్యలో పసివాడు నువ్వు. నువ్వు నవ్వుతున్నావు. ఈసారి మా వైపు తిరగలేదు, వాళ్ల వైపే చూస్తున్నావు. నాకు కష్టంగా లేదు.

మా ఇంట్లో అలాంటి వీడియోలు లేవు. నాన్న గొంతు ఏ టేపులోనూ లేదు. ముప్ఫై ఏళ్లు వేలమంది పిల్లలకు పాఠం చెప్పిన గొంతు, ఎవరూ పట్టి ఉంచలేదు. నాకున్నదల్లా నీ పాత సినిమా. ఆ రాత్రి ఇంటికొచ్చి, దీపం తీసేసి, 1978 నాటిది పెట్టుకున్నాను, తెలుగు అక్షరాల్లేకుండా, ఉత్త ఇంగ్లీషులో. నలుపు తెలుపుల తెర జరిగింది. పసిచెయ్యి పేజీ తిప్పింది. మేడ అంచున హెలికాప్టర్ ఒరిగింది, ఆమె చెయ్యి జారింది, నువ్వు లేచావు.

"'భయపడకండి, నేను పట్టుకున్నాను' అంటున్నారాయన."